మోటారు మీద నేరం మోపే ముందు

ఆషాఢం వచ్చిందంటే సికింద్రాబాద్‌లోని మా చిలకలగూడలో కట్టమైసమ్మ గుడి దగ్గర బోనాల సందడీ, ఆకాశంలో ముసురూ జోడుగా వస్తాయి. ఇంటినిండా చుట్టాలు, మూలనిండా విడిచిన బట్టలు. దండెం మీద వేసిన చీర రెండు రోజులైనా చెమ్మ వదలదు. అప్పుడు భారమంతా వాషింగ్ మెషిన్ మీద, అందులోనూ నీళ్లు పిండే స్పిన్ టబ్బు మీద పడుతుంది. ఏడాది పొడుగునా అరకొరగా తిరుగుతూ నెట్టుకొచ్చిన మెషిన్ సరిగ్గా ఆ వారంలోనే మొరాయిస్తుంది. ఊఁ అని మూలుగుతుంది గానీ తిరగదు. లేదా తిరుగుతుంది గానీ ఊపు ఉండదు, బట్టలు నీళ్లోడుతూనే బయటికి వస్తాయి.

వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, "మోటారు పోయింది" అని. వచ్చిన మెకానిక్ కూడా మూత ఎత్తి చూసి అదే మాట అంటే ఇక అప్పీలు లేదు. కొత్త మోటారు, లేకపోతే కొత్త మెషిన్.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పిలిస్తే వెళ్లి చూస్తుంటాను. నా అనుభవం సూటిగా చెబుతాను. సరిగా తిరగని వాషింగ్ మెషిన్లలో నిజంగా మోటారు చెడిపోయినవి తక్కువ. ఎక్కువ వాటిలో మోటారుకు అందవలసింది అందదు, లేదంటే తిరుగుతున్న మోటారును మరేదో పట్టి ఆపుతుంది. ఈ రెండూ చూడకుండా మోటారు మార్చడం వల్ల డబ్బు పోవడం ఒక్కటే కాదు, అసలు జబ్బు లోపలే ఉండిపోయి కొత్త మోటారును కూడా తినేస్తుంది. ఇవాళ ఈ సంగతే కొంచెం విడమరిచి చెప్పాలని ఉంది.

ముందు రెండు టబ్బుల మెషిన్ గురించి మాట్లాడతాను. సెమీ ఆటోమేటిక్ అంటాం కదా, అది. మా పేటలో ఇప్పటికీ ఎక్కువ ఇళ్లలో ఉన్నది అదే. దానికి కారణం ఉంది. నల్లా నీళ్లు రోజూ రావు, వచ్చినప్పుడు డ్రమ్ముల్లో పట్టుకుంటాం. డ్రమ్ములోంచి బకెట్‌తో పోసినా ఇబ్బంది లేకుండా నడిచే మెషిన్ ఇది. ఇందులో మోటార్లు రెండు. ఉతికే టబ్బుకు ఒకటి, పిండే టబ్బుకు ఒకటి. కాబట్టి మొదటి ప్రశ్న: ఏ పక్క సరిగా తిరగడం లేదు? ఒక పక్క బాగా నడిచి మరో పక్క మూలుగుతోందంటే ఇంట్లో కరెంటు, ప్లగ్గు, తీగ దాదాపు బాగున్నట్టే. రెండు పక్కలా నీరసంగా ఉంటే మెషిన్‌ను వదిలి గోడ మీది సాకెట్ దగ్గర మొదలుపెట్టాలి.

ఆ సాకెట్ సంగతి చిన్నది కాదు. ఈ మెషిన్లలోని మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే బలం నూటికి 22 పాళ్లు తగ్గుతుందనుకుంటాం. కానీ నిజానికి 39 పాళ్లు తగ్గుతుంది, మిగిలేది 61 పాళ్లే. ఎండాకాలం సాయంత్రం సందులో ఉన్న ఏసీలన్నీ ఒకేసారి మొదలైతే దిగువన ఉన్న ఇంటికి ఈ లోటు తెలుస్తుంది. చాలా ఇళ్లలో తప్పు వీధి కరెంటుది కూడా కాదు. వరండాలో పాయింటు లేదని లోపలి గదిలోంచి సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగుతారు. దానికే ఫ్రిజ్, దానికే మెషిన్. లేదా పదేళ్ల నాటి సాకెట్‌లో పిన్నులు వదులై, ప్లగ్గు తీసి చూస్తే ఒక కాలు గోధుమ రంగుకు మాడి ఉంటుంది. అక్కడ కరెంటు వేడిగా ఖర్చైపోతోందన్నమాట. మీటరు పెట్టి చూసేవాళ్లకు ఒక మాట. వోల్టేజీని మెషిన్ ఆపి కాదు, తడిబట్టలతో నడుస్తుండగా చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఏ వదులు సాకెట్ అయినా 230 చూపిస్తుంది.

ఇప్పుడు కండెన్సర్. పుస్తకాల్లో కెపాసిటర్ అని ఉంటుంది, షాపులో కండెన్సర్ అంటేనే ఇస్తారు. మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు అది. మోటారులో ఒకే కాయిల్ ఉంటే అందులో పుట్టే అయస్కాంత బలం కూడా ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ ఊగుతుందే తప్ప చుట్టూ తిరగదు. తిరగలి పిడిని ఎదురుగా తోసి ఎదురుగానే లాగితే రాయి తిరుగుతుందా? పక్కకు కూడా ఒక తోపు పడాలి. ఆ పక్క తోపు కోసం మోటారులో రెండో కాయిల్ చుడతారు. దానికి వెళ్లే కరెంటును మొదటి కాయిల్ కరెంటు కంటే కొంచెం ముందుగా నడిపించేది కండెన్సర్. రెండు బలాలూ ఒకదాని వెనుక ఒకటి వచ్చేసరికి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, దాని వెంట రోటరు తిరుగుతుంది. 1888లో అమెరికాలో నికోలా టెస్లా పేటెంటు పొందిన మోటార్లకు మూలసూత్రం ఈ తిరిగే క్షేత్రమే. ఇటలీలో గెలీలియో ఫెరారిస్ కూడా అదే ఏడాది దీన్ని ప్రకటించాడు.

కండెన్సర్ పూర్తిగా పోతే మోటారు మూలుగుతుంది, కదలదు. సగం పోతే ఖాళీ టబ్బును తిప్పుతుంది గానీ తడిబట్టలు వేయగానే చతికిలబడుతుంది. ఇది మీకు తెలియని సంగతేమీ కాదు. మన సీలింగ్ ఫ్యాను మోటారు కూడా ఇదే జాతి. ఫ్యాను గాలి తగ్గితే ఇంట్లో ఎవరూ "ఫ్యాను మోటారు పోయింది" అనరు. వీధి చివర షాపుకు వెళ్లి రెండున్నర మైక్రోఫారడ్ల కండెన్సర్ తెచ్చి మార్చుకుంటారు. అదే సూత్రం వాషింగ్ మెషిన్ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నాం.

కండెన్సర్ డబ్బా మీద దాని విలువ రాసి ఉంటుంది. ఉతికే మోటారుకు సాధారణంగా 10 మైక్రోఫారడ్ల ప్రాంతంలో, స్పిన్ మోటారుకు 5 లేదా 6. కొన్ని మెషిన్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. కెపాసిటీ కొలిచే మల్టీమీటరు ఇప్పుడు ప్రతి మెకానిక్ సంచిలోనూ ఉంటోంది. 6 అని రాసి ఉన్నది మీటరు మీద 3 చూపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. డబ్బా పొట్ట ఉబ్బినా, కింద నూనె మరక కనబడినా అంతే. అంత పెద్ద మెషిన్‌ను మూలన కూర్చోబెట్టిన వస్తువు ఖరీదు వంద, నూటయాభై రూపాయలు.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. ప్లగ్గు తీసేసినా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు. ముట్టుకునే ముందు దాని రెండు కాళ్లకూ ఒక మామూలు ఫిలమెంట్ బల్బు తీగలు తాకించి ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించే అలవాటు మంచిది కాదు, కంట్లో రవ్వ పడుతుంది. ఇక రెండోది. 6 ఉన్న చోట 10 వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందని కొందరు వేసేస్తారు. తిరగొచ్చు. కానీ ఆ కాయిల్ గుండా అవసరానికి మించి కరెంటు పోయి మోటారు లోలోపల కాగుతుంది. రాసి ఉన్న విలువే వేయాలి. వోల్టేజీ కూడా 440 అని ఉంటే 440దే తెచ్చుకోవాలి.

ఉతికే పక్క గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అడుగున తిరిగే చక్రం, అదే పల్సేటర్, కాసేపు కుడికీ కాసేపు ఎడమకూ తిరుగుతుంది. ఆ మోటారులో రెండు కాయిల్సూ సమానం. టైమరు కండెన్సర్‌ను ఒకసారి దీని వరసలో, మరోసారి దాని వరసలో కలపడం వల్లే దిశ మారుతోంది. ఒక పక్కకు బాగా తిరిగి రెండో పక్కకు అసలు తిరగడం లేదంటే మోటారును వదిలిపెట్టి టైమరు కాంటాక్టులు చూడండి. మోటారు పుల్లీ జోరుగా తిరుగుతూ పల్సేటర్ మాత్రం బద్ధకిస్తోందంటే బెల్టు వదులైంది. వెనక మూత విప్పి బెల్టు నడుమ వేలితో నొక్కితే అర అంగుళం మేర లొంగాలి. అంతకంటే బాగా లొంగితే మోటారు బోల్టులు వదులు చేసి, వెనక్కి జరిపి బిగించాలి. పగుళ్లు కనబడితే బెల్టు మార్చాలి.

ఇక అసలు కష్టమంతా స్పిన్ పక్కనే. ఆ పక్కన చిన్న టబ్బు నిమిషానికి 1,300 చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగమే బట్టలోంచి నీటిని బయటికి తోస్తుంది. అందులో ఒక లెక్క ఉంది. వేగం సగమైతే నీటిని తోసే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే "తిరుగుతూనే ఉంది సార్, కానీ బట్టలు పిండడం లేదు" అంటారు. కంటికి తిరుగుతున్నట్టే ఉంటుంది, బట్టకు మాత్రం అది చాలదు.

మైలార్‌గడ్డ వైపు ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ ఇంట్లో మామగారు మంచం పట్టి ఉన్నారు. దుప్పట్లు రోజూ ఉతకాలి. కోడలు ఒక్కతే చూసుకుంటోంది. మెషిన్ ఆగిపోయి నాలుగు రోజులుగా దుప్పట్లు చేత్తో పిండుతోంది. మెకానిక్ వచ్చి, స్పిన్ మోటారు కాలిపోయింది, రెండు వేలు దాటుతుందని చెప్పి వెళ్లాడట.

"ఎట్ల తిరుగుతుందమ్మా?" అని అడిగాను.

"తిరుగుతుంది సార్, ఊపు లేదు. ఒక నిమిషం తిరిగి ఆగిపోతది. కాసేపైనంక మళ్ల తిరుగుతది."

"వాసన ఏమన్నా వచ్చిందా?"

"వచ్చింది. కాలిన వాసన."

"వైరు కాలినట్టా, రబ్బరు కాలినట్టా?"

ఆమె ఆలోచించి, "రబ్బరే సార్" అంది. మంచం మీది పెద్దాయన కూడా లోపలి నుంచి "రబ్బరే, రబ్బరే" అన్నాడు.

ఈ తేడా ముఖ్యం. మోటారు కాయిల్ కాలితే దాని మీద పూసిన వార్నిష్ మాడిన ఘాటు వస్తుంది. ముక్కుకు ఎక్కుతుంది, రెండు రోజులైనా గదిలోంచి పోదు. రబ్బరు వాసన అంటే బెల్టు గానీ బ్రేకు గానీ. స్పిన్ మోటారుకు బెల్టు ఉండదు, టబ్బు కడ్డీ నేరుగా మోటారు మీద కూర్చుంటుంది. కాబట్టి మిగిలింది బ్రేకు.

మెకానిక్‌ను మోసగించిన సంగతి కూడా అక్కడే దొరికింది. అతను మూత తెరిచి టబ్బును చేత్తో తిప్పి చూశాడట. గట్టిగా పట్టేసి ఉందట. "జామ్ అయింది, మోటారు పోయింది" అన్నాడు. కానీ ఈ మెషిన్లలో స్పిన్ మూత తెరవగానే బ్రేకు పడాలి. అది పడకపోతేనే తప్పు. మూత తెరిచి చేత్తో తిప్పితే ఏ మంచి మెషిన్ అయినా పట్టేసే ఉంటుంది. మూతకు ఒక సన్నటి వైరు కట్టి ఉంటుంది. మూత మూస్తే ఆ వైరు బిగిసి, కింద మోటారు పక్కనున్న బ్రేకు రబ్బరును ఎడంగా లాగుతుంది. మూత తెరిస్తే వైరు వదులై, స్ప్రింగు బలంతో రబ్బరు వచ్చి చక్రాన్ని పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వైరు సాగుతుంది. సాగితే మూత మూసినా రబ్బరు పూర్తిగా ఎడం కాదు, చక్రాన్ని ఒరుసుకుంటూనే ఉంటుంది. మోటారు ఒక పక్క తిప్పుతుంది, బ్రేకు మరో పక్క పట్టుకుంటుంది.

ప్లగ్గు తీసేశాం, కండెన్సర్ ఖాళీ చేశాం. మూత మూసి ఉంచి, వెనక రేకు విప్పి, టబ్బు కడ్డీని మోటారుతో కలిపే కప్లింగును చేత్తో తిప్పాను. బరువుగా తిరిగింది. బ్రేకు రబ్బరు ఒక అంచు నున్నగా అరిగి మెరుస్తోంది, కింద నల్లటి పొడి రాలి ఉంది. వైరు కొక్కెం తగిలించే చోట మూడు కన్నాలున్నాయి. కొక్కేన్ని రెండో కన్నంలోంచి మూడో కన్నంలోకి మార్చేసరికి రబ్బరుకూ చక్రానికీ మధ్య సన్నటి సందు కనబడింది. కప్లింగు ఒక్క వేలితో తిరిగింది. మూత తెరిస్తే మళ్లీ గట్టిగా పట్టేసింది. పైసా ఖర్చు లేదు. ఆ సాయంత్రం దుప్పట్లు పిండుకుని వచ్చాయి.

ఒక నిమిషం తిరిగి ఆగి, కాసేపటికి మళ్లీ తిరగడం ఏమిటంటే, మోటారు కాయిల్ దగ్గర వేడికి తెగే చిన్న స్విచ్ కొన్ని మోటార్లలో ఉంటుంది. మోటారు తన వేగాన్ని అందుకోలేకపోతే మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. లాగిన కరెంటు తిప్పడానికి పనికిరాక వేడిగా మారుతుంది. స్విచ్ తెగి మోటారును కాపాడుతుంది, చల్లారాక కలుస్తుంది. అది తెగుతూ కలుస్తూ ఉందంటే మోటారు ఇంకా బతికే ఉంది, కష్టంలో ఉంది అని అర్థం. అన్ని మోటార్లలోనూ అది తిరిగి కలిసే రకం కాదు. కొన్నిటిలో ఒకసారి తెగితే అంతే. అందుకే అరకొరగా తిరుగుతున్న మెషిన్‌ను "ఎట్లాగో నడుస్తోంది కదా" అని రోజూ నడపకండి. మోటారు కాలడం చాలాసార్లు మొదటి జబ్బు కాదు. సాగిన వైరునో, సగం పోయిన కండెన్సర్‌నో ఆరు నెలలు పట్టించుకోకపోతే చివరికి వచ్చి పడేది అది.

బ్రేకు వైరు గురించి ఇంకో మాట. కొన్ని ఇళ్లలో ఆ వైరు తెగితే బ్రేకు రబ్బరు తీసేసి, మూత దగ్గరి స్విచ్‌ను కూడా కలిపేసి నడుపుతున్నారు. తిరుగుతుంది. కానీ మూత తెరిచినా ఆ టబ్బు ఆగదు. చీర కొంగో, చున్నీయో చుట్టుకుంటే చెయ్యి విరుగుతుంది. పిల్లలున్న ఇళ్లలో ఇది చూసినప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. మెకానిక్ మిత్రులకు నా విన్నపం, ఎవరు అడిగినా ఆ పని చేయకండి.

బ్రేకు బాగున్నా టబ్బును పట్టి ఆపేవి మరికొన్ని ఉన్నాయి. చేతిరుమాలు, పిల్లల సాక్సు లాంటివి అంచు మీదుగా జారి లోపలి టబ్బుకూ బయటి టబ్బుకూ మధ్య పడతాయి, పడి కడ్డీకి చుట్టుకుంటాయి. పిండేటప్పుడు బట్టల మీద నొక్కి పెట్టమని ప్లాస్టిక్ పళ్లెం ఒకటి మెషిన్‌తో పాటు ఇస్తారు. చాలా ఇళ్లలో అది అటక మీద ఉంటుంది. అది ఉన్నది ఇందుకే. డ్రెయిన్ పైపు పీచుతో, నూలుతో మూసుకుపోతే పిండిన నీళ్లు బయటికి పోక, టబ్బు ఆ నీళ్లలోనే తిరగవలసి వస్తుంది. పైపును గట్టు మీదకు ఎక్కించి పెట్టినా అంతే. సబ్బుపొడి ఎక్కువ వేస్తే నురగ కూడా అలాగే పట్టుకుంటుంది. బోరు నీళ్లలో నురగ రావడం లేదని రెండు గుప్పిళ్లు అదనంగా వేస్తాం. తర్వాత నల్లా నీళ్లతో ఉతికిన రోజు కూడా చెయ్యి అలవాటుగా అంతే వేస్తుంది.

ఎలుకలు. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల పాత పేటల్లో వీటి సంగతి వేరే చెప్పాలా? మెషిన్ అడుగు తెరిచి ఉంటే లోపల గూడు పెడతాయి. స్పిన్ మోటారు తీగ ఒకటి కొరికేస్తే చాలు, కండెన్సర్ పోయిన మెషిన్ లాగే మూలుగుతుంది. అడుగున జాలీ బిగించుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. ఉన్నా అది వైరింగ్ ఖర్చు కంటే తక్కువే.

మెషిన్ నిలబడిన చోటు కూడా చూడాలి. మా దగ్గరి పాత ఇళ్లలో నేల షాబాదు బండలు. ఒక బండ ఎత్తు, ఒక బండ పల్లం. నాలుగు కాళ్లలో ఒకటి గాలిలో ఉంటే స్పిన్ మొదలు కాగానే మెషిన్ నడవడం మొదలుపెడుతుంది, టబ్బు పక్కలకు కొట్టుకుంటుంది. స్పిన్ మోటారు మూడు రబ్బరు బుష్షుల మీద ఊగుతూ కూర్చుని ఉంటుంది. ఆ రబ్బర్లలో ఒకటి చితికితే ఇదే దడదడ. మూలలు మార్చి చేత్తో నొక్కి చూడండి, ఏ కాలు ఊగుతుందో తెలిసిపోతుంది. బట్టలు కూడా ఒకే పక్క కుక్కకుండా సర్దాలి. ఒక్క జీన్స్ ప్యాంటు ఒక పక్కన పెట్టి తిప్పితే ఏ మెషిన్ అయినా కొట్టుకుంటుంది.

ఇప్పుడు చప్పుడు. కీచుమనే శబ్దమో, ఇసుక మీద లాగినట్టు గరగరో వస్తే బుష్షు గానీ బేరింగు గానీ అరిగింది. అంతకుముందే ఒక సీలు పోయి ఉంటుంది. టబ్బు అడుగున కడ్డీ చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది. అది చిరిగితే సబ్బునీళ్లు చుక్క చుక్కగా నేరుగా మోటారు నెత్తిన పడతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సీలు దగ్గర తెల్లటి ఉప్పు గట్టిపడి దాన్ని తొందరగా కోసేస్తుంది. వెనక రేకు విప్పినప్పుడు మోటారు మీద తెల్లటి చారికలో, తుప్పో కనిపిస్తే బేరింగు ఒక్కటే మార్చి ఊరుకోకండి, సీలు మార్చకపోతే మళ్లీ అదే కథ.

బేరింగు మార్చవలసి వస్తే దాని అంచు మీద అంకె చదవండి. 6202 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, 6203 అంటే 17, 6204 అంటే 20. ఆ అంకె రాసుకుని రాణిగంజ్ వెళితే దుకాణంలో మారు ప్రశ్న వేయకుండా ఇస్తారు. మోటార్లు, పంపులు, బేరింగుల వ్యాపారం సికింద్రాబాద్‌లో అక్కడే కదా. నీళ్ల దగ్గర పనిచేసేదానికి రెండు వైపులా రబ్బరు మూతలున్న రకమే అడగండి. రేకు మూతలది కొంచెం చవక, కానీ నీటిని ఆపదు.

ఇదంతా రెండు టబ్బుల మెషిన్ సంగతి. పైనుంచి బట్టలు వేసే ఫుల్లీ ఆటోమేటిక్‌లో టబ్బును తిప్పే మోటారు ఒక్కటే. ఉతకడానికీ పిండడానికీ మధ్య మార్పు క్లచ్ చేస్తుంది. నీళ్లు వదిలే చిన్న డ్రెయిన్ మోటారు వాల్వును లాగినప్పుడే క్లచ్ కూడా మారుతుంది. ఉతకడం బాగుండి స్పిన్ దగ్గర ఆగుతోందంటే పెద్ద మోటారును కదిలించకండి, ఆ చిన్నదాన్ని చూడండి. ముందు నుంచి వేసే మెషిన్ అయితే బట్టలు ఒక పక్కకు చేరాయని తెలిస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఒక్క రగ్గు వేసి స్పిన్ కావడం లేదంటే అది జబ్బు కాదు. కింది మూలన ఉన్న పంపు ఫిల్టరు విప్పితే చిల్లర, పిన్నీసులు, జుట్టు వస్తాయి. అది మూసుకుపోతే నీళ్లు పోవు, నీళ్లు పోకపోతే స్పిన్ కాదు. పాతరకం బెల్టు మోటారు ఉన్నవాటిలో రెండు కార్బన్ బ్రష్షులుంటాయి. అవి అరిగితే ఊపు తగ్గుతుంది, రవ్వలు వస్తాయి. రెండూ జతగానే మార్చాలి. ఇన్వర్టర్ మోటారు అన్నవాటిలో బ్రష్షులు ఉండవు. వాటిలో వేగం చెప్పే సెన్సరు, దాన్ని నడిపే బోర్డు చూడాలి. ఇల్లు మారినవాళ్లకు ఒక గుర్తు. రవాణాకు వెనక బిగించిన పొడవాటి బోల్టులు తీయకుండా నడిపితే ఇల్లంతా అదురుతుంది.

ఇన్ని చూశాక, అప్పుడు మోటారు. ప్లగ్గు తీసి, తీగలు విప్పి, మీటరును ఓమ్‌ల మీద పెట్టి మూడు తీగల మధ్య కొలవాలి. రెండు టబ్బుల మెషిన్‌లో ఉతికే మోటారుకు ఉమ్మడి తీగ నుంచి మిగతా రెండింటికీ దాదాపు ఒకే అంకె రావాలి, ఆ రెండింటి మధ్య రెట్టింపు రావాలి. ఒకటి 25 అయితే రెండోదీ ఆ దరిదాపుల్లోనే ఉండాలి, రెండూ కలిపి 50 రావాలి. స్పిన్ మోటారులో రెండు కాయిల్సూ సమానంగా ఉండకపోవచ్చు గానీ కూడిక మాత్రం సరిపోవాలి. ఒక చోట అసలు అంకె రాకపోతే కాయిల్ తెగింది, బాగా తగ్గితే లోపల షార్ట్ అయింది. ఏ తీగకైనా మోటారు ఒంటికీ మధ్య కలయిక చూపిస్తే అది అన్నిటికంటే ప్రమాదం. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకునే వస్తువు ఇది. మూడో పిన్నుకు నిజంగా ఎర్తు ఉందో లేదో చూపించుకోండి. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోండి. మోటారు కంటే ముందు పెట్టవలసిన ఖర్చు అది.

ఈ కొలతలన్నీ మెకానిక్ మీ ముందే చేయాలి. చేయమని అడగడం అతన్ని అనుమానించడం కాదు. ఇంటింటికీ తిరిగి మెషిన్లు బాగుచేసే కుర్రాళ్లలో మంచి పనిమంతులున్నారు. వాళ్లకు తొందర ఎక్కువ, వచ్చే డబ్బు తక్కువ. పావుగంట వెతికి కొక్కెం మార్చినందుకు యాభై రూపాయలిచ్చి, మోటారు మార్చినందుకు ఐదొందలిస్తే వాళ్లు దేన్ని వెతుకుతారు? కొక్కెం మార్చిన కుర్రాడికి కూడా చూసిన కూలి పూర్తిగా ఇవ్వండి. ఏది పాడైందో కనిపెట్టడమే ఈ పనిలో అసలు విద్య.

కంపెనీ విడిభాగాలు, మరమ్మతు వివరాలు కావాలంటే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ చూడవచ్చు. సర్వీసు విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మోటారు నిజంగానే కాలిపోయిందని తేలిందనుకోండి. వైండింగ్ షాపులో మళ్లీ చుట్టించవచ్చు, కొత్తది వేయించవచ్చు. చుట్టించేటట్టయితే రాగి తీగతోనే చుట్టమని, వార్నిష్ పోసి పూర్తిగా ఆరాకే ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. కొత్తదైతే పాతదాని మీది రేకు చూసి అదే శక్తి, అదే తిరిగే దిశ ఉన్నది తెచ్చుకోవాలి. ఏది చేసినా కండెన్సర్ కొత్తది వేయించండి, సీలు చూపించుకోండి, బ్రేకు సందు మీ కళ్లతో చూడండి. తర్వాత డబ్బులిచ్చే ముందు తడిపిన దుప్పటి ఒకటి వేసి, పైన పళ్లెం నొక్కి, ఐదు నిమిషాలు పూర్తిగా తిప్పించండి. మధ్యలో మూత ఒకసారి ఎత్తండి, కొన్ని క్షణాల్లో టబ్బు ఆగాలి. ఆగిందా, దుప్పటి చేత్తో పిండితే చుక్క రాలడం లేదా, అప్పుడు డబ్బులివ్వండి. పాత మోటారు మాత్రం అడిగి మీ దగ్గరే ఉంచుకోండి. రాగి కాయిల్ ఉన్నదైతే తుక్కుగా అమ్మినా దానికి ధర ఉంది.